సాయిలు పోసిన సున్నం గీత

మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర పొద్దుటి షిఫ్టులో నిలబడే సాయిలుకు రెండు గొంతులున్నాయి. ఒకటి "నమస్తే సారు" అనేది. అది పక్కనున్న మనిషికి కూడా సరిగ్గా వినపడదు. రెండోది వినాలంటే ఎవరైనా చచ్చిపోవాలి.

వేళాకోళానికి అనడం లేదు. మా ఇరవై రెండంతస్తుల వెనకాల, పుప్పాలగూడను ఆనుకుని, మేకలబండ అనే బస్తీ ఉంది. ముప్పై ఏళ్లుగా అక్కడ ఎవరు పోయినా పచ్చి వెదురు తెచ్చి పాడె కట్టేది సాయిలే. శ్మశానానికి పోయే దారిలో దింపుడుకల్లం దగ్గర పాడె దింపుతారు. ప్రాణం ఎక్కడైనా చిక్కుకుని ఉంటే పలుకుతుందేమోనని పోయినవాళ్ల చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలుస్తారు. ఇంటివాళ్లకు ఏడుపుతో గొంతు పెగలకపోతే ఆ పిలుపు సాయిలు పిలుస్తాడు. ఒకసారి మా పద్దెనిమిదో అంతస్తు బాల్కనీలో కాఫీ తాగుతూ ఆ పిలుపు విన్నాను. కప్పు కింద పెట్టేశాను.

నాది కాకినాడ దగ్గర ఊరు. నీటిపారుదల శాఖలో చేసి రిటైరయ్యాను. ఈ అపార్ట్‌మెంటు అసోసియేషన్‌కు సెక్రటరీని. ఈ కథలో నా భాగం ఏమంత గౌరవమైనది కాదు, దాని చోటు వచ్చినప్పుడు దాచకుండా చెప్తాను.

సాయిలు పుట్టింది మేకలబండలోనే. తండ్రి గుట్ట మీద రాళ్లు కొట్టేవాడు, కొడుక్కూ అదే పని నేర్పాడు. కొండాపూర్‌లో మొదట లేచిన ఆఫీసుల పునాదుల్లో తన చేతి రాయి ఎంతుందో తనకే తెలియదంటాడు సాయిలు. తర్వాత ఆ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు ఇళ్లు కావలసి వచ్చాయి. ఇళ్ల కోసం గుట్టలే లేకుండా పోయాయి. గుట్ట లేని చోట రాళ్లు కొట్టేవాడేం చేస్తాడు? నీలం చొక్కా తొడుక్కుని, తాను రాయి కొట్టిన చోటే మాకు గేటు తీసి వేస్తున్నాడు. దానికి అతను పెద్దగా బాధపడడు. "కొట్టుడు కంటే నిలవడుడు నయం సారు, నడుం నొయ్యది" అంటాడు.

ఆ గుట్టల్లో మిగిలింది ఒకే ఒక్క బండ. నలభై మంచాలు పట్టేంత చదునైన బండ, బస్తీకీ శ్మశానానికీ నడుమ కాస్త ఎత్తు మీద ఉంటుంది. అదే దింపుడుకల్లం. మేకలబండ ఆడవాళ్లు శ్మశానం దాకా పోరు, ఆ బండ దాకానే వస్తారు. కడసారి ముఖం చూసుకునేది అక్కడ, పిలుచుకునేది అక్కడ. పాడె మళ్లీ లేచాక ఆడవాళ్లు ఇంటిదారి పడతారు, మగవాళ్లు ముందుకు పోతారు. అక్కడి నుంచి కదిలినవాళ్లు ఎవరూ వెనక్కి తిరిగి బండ వైపు చూడకూడదు. ఇదంతా నాకు సాయిలు చెప్పిందే.

ఇక మా నాయకుడి సంగతి.

ఇవాళ ఒక పార్టీకి జిల్లా అధ్యక్షుడు, మాకు ఎమ్మెల్యే అయిన అజయ్ ఎక్కడో విదేశాల్లో చదువుకుని వచ్చి ఈ గల్లీలు తెలియక తప్పులు చేస్తున్నాడు అనుకుంటే నేను క్షమించేవాణ్ణి. అలాంటిదేమీ లేదు. అజయ్‌కు మేకలబండ మొగదలలో టెంట్ హౌస్ ఉండేది. పెళ్లికి ఎర్ర కుర్చీలు, చావుకు తెల్ల షామియానా. ఎన్ని చావులకు షామియానా వేశాడో అన్నిసార్లు ఆ బండ దాకా నడిచాడు. షామియానా తాళ్లు బిగించడం నేర్పింది సాయిలు. ఆకలేసినప్పుడు జొన్నరొట్టె పెట్టింది గంగమ్మ. ఆమె రోడ్లు ఊడ్చే మనిషి, మొగుడు పోయాడు, ప్రవళిక అని ఒక్కతే కూతురు. ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని తిన్నవాడికి ఈ బస్తీకి ఏది అవసరమో ఇంకొకరు చెప్పాలా?

కానీ అడిగాడు. ఎన్నికలప్పుడు చేతులు కట్టుకుని వచ్చి అడిగాడు. ఆ వినయం చూసి నేనూ మోసపోయాను.

"మాకేం పెద్దవి అక్కర్లేదు అజయ్. దింపుడుకల్లం కాడ ఒక షెడ్డు, ఒక నల్ల. వానకాలం పాడె తడుస్తుంది. కాళ్లు కడుక్కుందామంటే నీళ్లు లెవ్వు" అన్నాడు సాయిలు.

"అన్నా, గెలిచినంక నా మొదటి పని గదే" అని గంగమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

సాయిలు ఆ ఎన్నికల్లో జెండాలు కట్టాడు, ఫ్లెక్సీలు కట్టాడు, డ్యూటీ దిగాక రోజూ కట్టాడు. ఒక్క ఫ్లెక్సీ కూడా గాలికి ఊడలేదు. పాడె కట్టే ముడి అది, ఊడదు.

గెలిచాడు. గెలిచాక మా నాయకుడికి మొదట కనిపించిన లోటు ఏమిటో తెలుసా? కోకాపేట పోయే దారిలో కరెంటు స్తంభాలు బోసిగా ఉన్నాయట. వాటికి రంగు దీపాల సీతాకోకచిలుకలు తగిలించాడు. మేకలబండ మురుగు కాలువకు మూత లేదు. అందులో పడి ఒక ముసలాయన కాలు విరిగింది. ఆయన్ని పరామర్శించడానికి వచ్చిన నాయకుడు సీతాకోకచిలుకలు ఎలా ఉన్నాయని అడిగి వెళ్లాడు. ఆయన కాలు అతకలేదు. సీతాకోకచిలుకలు మాత్రం ఇప్పటికీ రంగులు మారుస్తున్నాయి.

ఎనిమిది నెలల తర్వాత సాయిలుకు ఫోన్ వచ్చింది. అన్న వస్తున్నాడు, ఆఫీసర్లతో వస్తున్నాడు, బండ చూపించాలి అని. వాళ్లు వచ్చే ముందురోజు సాయిలు నా దగ్గర సెలవు అడిగాడు. నేను అతణ్ణి అంత హుషారుగా అంతకుముందు చూడలేదు. సెలవు పెట్టి ఏం చేశాడంటే, బండ మీద పెరిగిన ముళ్ల కంప కొట్టేశాడు, చీపురుతో ఊడ్చాడు, బకెట్టు సున్నం తెచ్చి చుట్టూ గీత పోశాడు. షెడ్డు ఎంత మేర రావాలో ఆఫీసర్లకు తెలియాలి కదా! రాళ్లు కొట్టిన చెయ్యి, గీత ఎక్కడా వంకర పోలేదు. చావులకు మనుషులు ఎక్కువ వస్తారని నాలుగడుగులు ఎక్కువే కలిపాడు.

నాయకుడు వచ్చాడు. బండ ఎక్కాడు. అక్కడి నుంచి కోకాపేట టవర్లన్నీ వరసగా కనిపిస్తాయి, సాయంత్రం పూట అద్దాల మీద ఎండ పడి మెరుస్తాయి. నల్ల కళ్లద్దాలు తీసి, నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏం వ్యూ ఉందిరా బై!" అన్నాడు. వెనకున్న నలుగురూ "సూపర్ అన్నా" అన్నారు. అంతే, షెడ్డు పోయింది, నల్ల పోయింది. మనుషులు చివరిసారి పిలుచుకునే చోట నిలబడి ఫొటో బాగా వస్తుందని తోచిన బుర్ర అది. ఆ బుర్ర చేతిలో మూడు లక్షల మంది బాగోగులున్నాయి.

నా భాగం ఇక్కడ వస్తుంది. నెల తర్వాత నాయకుడి ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. "స్కై వ్యూ డెక్" కడుతున్నారు, చుట్టుపక్కల నివాసుల మద్దతు కావాలి, శవయాత్రలను వేరే దారికి మళ్లిస్తారు అని ఉంది. మా అపార్ట్‌మెంటులో సగం మంది ఇంటి నుంచే ఉద్యోగం చేస్తారు. డప్పు చప్పుడు మీటింగులకు అడ్డమని ఎప్పటి నుంచో గొణుగుతున్నారు. నేను సెక్రటరీని. మొదటి సంతకం నాదే. ఆ కాగితం మడిచి కవర్లో పెట్టి, నాయకుడి ఆఫీసులో ఇచ్చి రమ్మని సాయిలు చేతికే ఇచ్చాను. అందులో ఏముందో అతనికి నేను చెప్పలేదు.

కాంట్రాక్టరు వచ్చి సరిగ్గా సాయిలు పోసిన గీత వెంబడే తవ్వాడు. కొలతలు తీసుకునే శ్రమ తప్పిందని నవ్వాడట. బండ మీద చెక్క పలకలు పరిచారు. చుట్టూ స్టీలు కంచె, మధ్యలో ఫౌంటెన్, ముందు మనిషెత్తు ఇంగ్లిషు అక్షరాలు, వాటి పక్కన అంతకంటే ఎత్తుగా నాయకుడి కటౌట్. నల్ల కూడా పెట్టారండోయ్! విదేశం నుంచి తెచ్చిన గడ్డికి నీళ్లు పట్టడానికి. దానికి తాళం వేశారు.

అప్పటి నుంచి మేకలబండలో ఎవరు పోయినా వ్యాను వచ్చి ఇంటి ముందు నుంచే ఎక్కించుకుని సర్వీసు రోడ్డు మీదుగా శ్మశానానికి తీసుకుపోతోంది. ఆడవాళ్లు గల్లీ మొగదల ఆగిపోతున్నారు. పిలవడానికి చోటు లేదు. వ్యాను తలుపు వేసేటప్పుడు ఎవరో గబగబా పిలుస్తారు, డ్రైవరు హారన్ కొడతాడు. సాయిలు ఆ రోజుల్లో గేటు దగ్గర తల వంచుకుని నిలబడేవాడు. బస్తీలో కొందరు అతణ్ణే అన్నారు, గీత పోసింది నువ్వే కదా అని. నిజమే మరి, పోసింది అతనే. ఆ మాట విన్నాక రెండు వారాలు సరిగ్గా అన్నం తినలేదని ఆ తర్వాత ఎప్పుడో తెలిసింది.

నాయకుడి ఆఫీసుకు మూడుసార్లు పోయాడు. మొదటిసారి అన్న జిమ్‌లో ఉన్నాడు. రెండోసారి అన్న పుట్టినరోజు కేకు కోస్తున్నాడు. మూడోసారి దొరికాడు. "సాయిలన్నా, ప్రపంచం మొత్తం హైదరాబాద్‌ను చూస్తుంది. గిప్పుడు శవాలు, పాడెలు అంటే ఎట్ల? ఇమేజ్ ముఖ్యం. నువ్వేం ఫికర్ చెయ్యకు, నీకు మంచి వ్యాను ఇప్పిస్త, ఏసీది" అన్నాడట.

"ఏసీ వ్యాను ఎవలికి సారు? సచ్చినోళ్లకు ఉక్కపోస్తదా?" అని నన్నడిగాడు సాయిలు. ఆ రోజే ఆ కాగితం సంగతి చెప్పేశాను. నా మొహం కేసి చూసి, "మీరు బయట నుంచి వచ్చినోళ్లు సారు. గా అజయ్‌కు తెల్వదా?" అన్నాడు. తిడితే బాగుండేది.

గంగమ్మకు ఊపిరితిత్తుల జబ్బు. ఇరవై ఏళ్లు రోడ్ల దుమ్ము ఊడ్చిన మనిషికి ఇంకేం వస్తుంది? దవాఖానలో లాభం లేదన్నారు. ప్రవళిక హైటెక్ సిటీలో ఒక ఆఫీసు భవనంలో హౌస్‌కీపింగ్ చేస్తుంది, సెలవు దొరక్క పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి తల్లి మొహం చూసేది. ఒకరోజు గంగమ్మ సాయిలును పిలిపించింది.

"అన్నా, నన్ను వ్యాన్ల పడేసి తీస్కపోకు. నాకు కొడుకు లేడు. కొరివి ఎవలు పెడితే ఏంది గని, నా బిడ్డ నన్ను పిలవాలె. బండ కాడ దించి పిలిపియ్యి" అంది.

"దించుత" అన్నాడు సాయిలు. కంచె ఉంది, గార్డు ఉన్నాడు, తాళం ఉంది. మాట మాత్రం ఇచ్చేశాడు. ఇక అతనికి నిద్ర పట్టలేదు.

గంగమ్మ ఫిబ్రవరిలో ఒక ఆదివారం తెల్లవారుజామున పోయింది. అదే ఆదివారం పదకొండింటికి డెక్ మొదటి వార్షికోత్సవం. అసోసియేషన్ సెక్రటరీగా నాకు ముందు వరుసలో కుర్చీ వేశారు. తెల్ల గుడ్డ తొడిగిన కుర్చీలు. అజయ్ టెంట్ హౌస్‌వే, అది ఇప్పుడు అతని బామ్మర్ది పేరు మీద ఉంది. స్పీకర్లలో నాయకుడి మీద కట్టించిన పాట. డ్రోను ఎగరేసి పై నుంచి పువ్వులు చల్లిస్తారట. నాయకుడు మైకు పట్టుకుని ప్రాధాన్యతల గురించి మాట్లాడుతున్నాడు. ఆ మాట నోటితో అన్నాడు, నేను చెవులారా విన్నాను. "ప్రజలకు ఏం కావాలో తెలిసినోడే నాయకుడు" అన్నాడు.

అప్పుడు డప్పు వినపడింది.

ర్యాంపు మీదుగా పాడె వస్తోంది. ముందు సాయిలు, డ్యూటీ చొక్కాలోనే ఉన్నాడు. వెనక మేకలబండ మొత్తం వచ్చింది, ఆడవాళ్లే ఎక్కువ. కంచె దగ్గర గార్డు, సాయిలు పనిచేసే సెక్యూరిటీ ఏజెన్సీ మనిషే. తాళం తీసి పక్కకు జరిగి చెప్పులు విప్పాడు. బందోబస్తుకు వచ్చిన ఇన్‌స్పెక్టరు ఒకడుగు ముందుకు వేశాడు గానీ, పాడెకు అడ్డం నిలబడే ధైర్యం ఎవరికుంటుంది? మోస్తున్నవాళ్లు కుర్చీల మధ్య నుంచి నడిచి, ఫౌంటెన్ పక్కన, పలకల కింద బండ ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడ దింపారు. సాయిలుకు ఆ చోటు కళ్లు మూసుకున్నా తెలుస్తుంది.

మా నాయకుడి తెలివి ఇక్కడ చూడాలి. తిట్టలేదు, పొమ్మనలేదు. కెమెరాలున్నాయి కదా! మొహం దిగాలుగా పెట్టుకుని మైకుతోనే దగ్గరికి వచ్చాడు. శవం మీద గుడ్డ కప్పి ఉంది.

"మన పార్టీ కోసం చెమటోడ్చిన ఈ పెద్దమనిషి, ఈ అన్న మనల్ని విడిచిపోవడం..." అని మొదలుపెట్టాడు.

"అన్న గాదు, మా అమ్మ. గంగమ్మ" అంది ప్రవళిక.

నాయకుడు పక్కనున్న పీఏ వైపు తిరిగి మెల్లగా అడిగాడు, "ఏ గంగమ్మ?"

మెల్లగానే అడిగాడు. మైకు ఆపలేదు. ఆ రెండు మాటలు స్పీకర్లలో నుంచి డెక్ అంతా వినపడ్డాయి, మా అపార్ట్‌మెంటు దాకా వినపడ్డాయి. ఎవరి రొట్టె తిన్నాడో, ఎవరి నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడో ఆ మనిషి పేరు వీడికి గుర్తు లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇలాంటివాడికి నేను ఓటేశాను, సంతకమూ పెట్టాను.

"జర జల్ది కానియ్యండమ్మా, డ్రోన్ టైమ్ అయితుంది" అన్నాడు పీఏ.

ప్రవళిక మోకాళ్ల మీద కూర్చుని తల్లి మొహం మీది గుడ్డ తీసింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. వచ్చినా వినపడేది కాదు, నాయకుడి పాట మళ్లీ మొదలైంది. "పాట బంద్ చెయ్యుండ్రి" అన్నాడు సాయిలు. ఎవరూ కదలలేదు. అతనే నడిచి వెళ్లి స్పీకరు తీగ పట్టి లాగేశాడు. తర్వాత ప్రవళిక పక్కన కూర్చుని, "నేను పిలువనా బిడ్డా?" అని అడిగాడు.

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. తల్లి చెవి దగ్గరికి వంగి పిలిచింది. "అమ్మా." మొదటిది బొంగురుగా వచ్చింది. రెండోది తేటగా వచ్చింది. మూడో "అమ్మా" విన్నాక ముందు వరుసలో కుర్చీలు ఖాళీ అయ్యాయి, అందరం నిలబడి ఉన్నాం. పీఏ కూడా టోపీ తీశాడు. గంగమ్మ పలకలేదు. ప్రవళిక తల్లి చెంప తుడిచి గుడ్డ కప్పింది. పిలుచుకుంది, అంతే చాలు అన్నట్టు లేచి నిలబడింది.

పాడె ఎత్తుతారనుకున్నాను. సాయిలు చెయ్యి చూపి మోసేవాళ్లను ఆగమన్నాడు.

నాయకుడి దగ్గరికి నడిచాడు. గార్డు చొక్కాలో ఉన్నాడని ఎవరూ అడ్డుపడలేదు. భుజం మీద చెయ్యి వేసి, పోయినవాళ్ల దగ్గర వంగినట్టే చెవి దగ్గరికి వంగాడు.

"అజయ్!"

ఆ రెండో గొంతు. మా పద్దెనిమిదో అంతస్తులో కప్పు కింద పెట్టించిన గొంతు. డప్పువాళ్లు చేతులు దించేశారు. నాయకుడు ఉలిక్కిపడ్డాడు గానీ కెమెరా చూసి నవ్వు తెచ్చుకున్నాడు.

"అజయ్!"

నవ్వు అలాగే ఉంది, కళ్లు పీఏను వెతుకుతున్నాయి.

"అజయ్!"

మేకలబండ అంతా అతని మొహం వైపే చూస్తోంది. ఏదో ఒక మాట, ఒక్క మాట, తప్పైందనో, గంగమ్మ గుర్తుకొచ్చిందనో, కనీసం చెయ్యి తియ్యమనో అంటాడేమోనని చూసింది. అతను జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు.

సాయిలు వెనక్కి తిరిగి, మోసేవాళ్లకు మామూలు గొంతుతో చెప్పాడు.

"మూడుసార్లు పిలిచిన. పలుకుతలేడు. ఎత్తుండ్రి, పోదాం."

పాడె లేచింది. ఆడవాళ్లు ఇంటిదారి పట్టారు, మగవాళ్లు శ్మశానం వైపు. నేను కుర్చీల మధ్య నుంచి పోయి వెనక కొమ్ము పట్టుకున్నాను. సాయిలు చూసి జరిగి చోటిచ్చాడు. దింపుడుకల్లం దాటాక వెనక్కి తిరిగి చూడకూడదు. ఆ రోజు ఎవరూ చూడలేదు.